బెంప్టన్ కొండల మీద పఫిన్‌ను వెతకడం ఎలా?

ఇంగ్లండ్ తూర్పు తీరంలో, యార్క్‌షైర్‌లోని బ్రిడ్లింగ్టన్ పట్టణానికి కొద్ది మైళ్ల ఉత్తరాన, బెంప్టన్ అనే చిన్న ఊరి పొలాలు ఉన్నట్టుండి తెగిపోయి, సుమారు 100 మీటర్ల ఎత్తున్న తెల్లని సుద్దరాతి కొండగా నిట్టనిలువునా ఉత్తర సముద్రంలోకి దిగిపోతాయి. ఏటా మార్చి నుంచి అక్టోబరు దాకా దాదాపు 5 లక్షల సముద్రపు పక్షులు ఈ రాతిగోడను ఆశ్రయించి గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుకుని, తిరిగి సముద్రం మీదికి వెళ్లిపోతాయి. ఈ చోటును ఆర్.ఎస్.పి.బి. అనే పక్షి సంరక్షణ సంస్థ చూసుకుంటోంది. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది పఫిన్ అనే, రంగురంగుల ముక్కున్న చిన్న సముద్రపు పక్షి కోసమే వస్తారు, కానీ ఆ 5 లక్షల్లో పఫిన్‌ల వాటా చాలా స్వల్పం. ప్రపంచవ్యాప్తంగా వాటి సంఖ్య తగ్గుతూ ఉండటంతో 2015లో దీన్ని ముప్పును ఎదుర్కొంటున్న జాతుల జాబితాలో చేర్చారు.

బొమ్మల్లో కనిపించే పఫిన్ పచ్చికలో తన బొరియ ముందు తీరికగా నిలబడి ఉంటుంది. ఆ దృశ్యం ఇంగ్లండ్‌లోని ఫార్న్ దీవులదో, వేల్స్‌లోని స్కోమర్ దీవిదో అయి ఉంటుంది, ఎందుకంటే అక్కడ అవి మట్టిలో బొరియల్లో గుడ్లు పెడతాయి. బెంప్టన్‌లో అవి కొండ ముఖంలోని పగుళ్లలో కాపురం ఉంటాయి. పక్షి పొడవు 30 సెంటీమీటర్లయినా ఉండదు. అది పగులు లోపలికి వెళ్లిపోయిందంటే బయటికి వచ్చేదాకా మీకు లేనట్టే. అందువల్ల ఇక్కడ పఫిన్‌ను చూడాలంటే ముందు దాని చుట్టూ ఉన్న మిగతా పక్షులను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ పని గురించే.

ఏ నెలలో, ఏ వేళకు వెళ్లాలి

పఫిన్‌లు మార్చి చివర్లో, ఏప్రిల్‌లో కొండకు చేరి, జులై చివరికల్లా వెళ్లిపోతాయి. ఆగస్టు సెలవుల్లో పిల్లలను తీసుకుని వెళితే గానెట్‌లనే పెద్ద తెల్లని పక్షులు పుష్కలంగా కనిపిస్తాయి కానీ పఫిన్ మీద ఆశ పెట్టుకోకండి. మే నెలలో జంటలో ఒకటి పగులు లోపల గుడ్డును పొదుగుతూ ఉంటుంది కాబట్టి బయట కనిపించేవి తక్కువ. జూన్ రెండో వారం నుంచి జులై మొదటి వారం వరకు ఉన్న కాలమే నా దృష్టిలో అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే అప్పుడు తల్లిదండ్రులిద్దరూ పిల్ల కోసం చేపలు మోసుకుంటూ రోజంతా వస్తూ పోతూ ఉంటాయి.

ఉదయమే వెళ్లమనడానికి జనం తక్కువగా ఉంటారన్నదొక్కటే కారణం కాదు. ఈ కొండల ముఖం ఉత్తర ఈశాన్య దిక్కుకు తిరిగి ఉంటుంది. జూన్ నడిమధ్యన ఇక్కడ సూర్యుడు ఈశాన్యంలో ఉదయం సుమారు 4:30కే ఉదయిస్తాడు కాబట్టి, తెల్లవారిన తరువాత కొన్ని గంటలు మాత్రమే ఎండ నేరుగా రాతి మీద పడుతుంది. తొమ్మిది దాటేసరికి వెలుగు ఏటవాలుగా మారి, ఆ తరువాత కొండ ముఖమంతా నీడలోకి పోతుంది. నీడలో పఫిన్ కాళ్ల నారింజ రంగు, ముక్కు రంగులు వెలవెలబోతాయి, దూరంలో ఉన్న పక్షిని గుర్తుపట్టవలసింది వాటి ఆధారంతోనే కదా. మబ్బు పట్టిన రోజున ఈ ఇబ్బంది ఉండదు, వెలుగు అంతటా సమానంగా ఉంటుంది. ఎండ కాయలేదని ప్రయాణం మానుకోనక్కరలేదు.

మానుకోవాల్సింది సముద్రపు పొగమంచు ఉన్న రోజున. వేసవిలో తూర్పు గాలి వీచినప్పుడు చల్లని సముద్రం మీది నుంచి పొగమంచు తీరానికి వచ్చి, లోపలి ఊళ్లలో ఎండ కాస్తున్నా కొండ అంచున మాత్రం పది గజాల దూరం కనబడనివ్వదు. ఈ ప్రాంతంలో దీన్ని ‘ఫ్రెట్’ అంటారు. ముందురోజు రాత్రి వాతావరణ సూచనలో గాలి దిశ చూసుకుని, తూర్పు గాలి ఉంటే ప్రయాణాన్ని మరో రోజుకు మార్చుకోండి.

ప్రయాణం, వెంట తీసుకెళ్లవలసినవి

హల్ నుంచి స్కార్‌బరో వెళ్లే రైలు బెంప్టన్ స్టేషనులో ఆగుతుంది, అక్కడి నుంచి సుమారు మైలున్నర నడక. అయితే రైలును నమ్ముకుంటే పొద్దున్నే చేరడం కష్టం కాబట్టి, ముందురోజు రాత్రి బ్రిడ్లింగ్టన్‌లో బస చేసి కారులోనో టాక్సీలోనో వెళ్లడం మేలు. సందర్శకుల కేంద్రం తెరిచే వేళలు, ప్రవేశ రుసుము కాలాన్ని బట్టి మారుతుంటాయి, ముందుగా చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళుతున్నట్టయితే, దగ్గరి వ్యూపాయింట్ల దాకా దారి చదునుగానే ఉంటుంది కాబట్టి వారు ఇబ్బంది పడరు, కానీ జూన్‌లో కూడా వారికి స్వెటరు, చెవులకు మఫ్లరు తప్పనిసరి. ఫ్లాస్కులో టీ, చేత్తో తినగలిగిన ఆహారం పెట్టుకోండి. మెతుకులు, ముక్కలు కింద పడేయకండి, అలవాటు పడిన గల్ పక్షులు మిగతా పక్షుల గుడ్లకూ పిల్లలకూ ముప్పుగా మారతాయి.

బైనాక్యులర్స్ లేకుండా వెళ్లడం వృథా. కొనేట్టయితే 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. అందులో 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో అన్నమాట. పది రెట్లు చూపించేది ఇంకా మంచిదని దుకాణంలో అనిపిస్తుంది కానీ, కొండ అంచున గాలికి చేతులు వణికినప్పుడు ఆ వణుకు కూడా పది రెట్లవుతుంది, పైగా ఒకేసారి కనిపించే వెడల్పు తగ్గిపోతుంది.

చాలామంది బైనాక్యులర్స్‌ను తమ కళ్లకు సరిచేసుకోకుండానే ఏళ్ల తరబడి వాడుతుంటారు. ఇది ఇంటి దగ్గరే చేసుకోవలసిన పని. కళ్లద్దాలు పెట్టుకునేవారు ముందుగా కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పేయాలి. తరువాత కుడివైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, దూరంగా ఉన్న ఏదైనా బోర్డు మీది అక్షరాలను ఎడమ కంటితో చూస్తూ, మధ్యలో ఉన్న చక్రాన్ని తిప్పి అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేయండి. ఇప్పుడు ఎడమవైపు అద్దాన్ని మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి సన్నని రింగును మాత్రమే తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేయండి. ఆ రింగు ఏ గీత దగ్గర ఆగిందో గుర్తు పెట్టుకుంటే, ఇక ఆ రోజంతా మధ్య చక్రం ఒక్కటే తిప్పుకుంటే సరిపోతుంది.

పక్షిని బైనాక్యులర్స్‌తో పట్టుకోవడం కూడా ముందే సాధన చేయండి. ముందు మామూలు కంటితో పక్షిని చూసి, చూపు దాని మీది నుంచి తిప్పకుండా, బైనాక్యులర్స్‌నే కళ్ల దగ్గరికి తీసుకురావాలి. తల దించి పరికరం వైపు చూశారంటే ఆ వేల పక్షుల్లో మీరు చూసినది మళ్లీ దొరకదు.

కొండను అంతస్తులుగా చదవడం

కొండ అంచుకు చేరగానే మొదట తగిలేది వాసన, ఆ వెంటనే హోరు. నేలపట్టులోనో తేలినీలాపురంలోనో గూడబాతులు పిల్లలు చేసే కాలంలో చెట్ల కింద నిలబడినవారికి ఇది కొత్తగా ఉండదు. ఇక్కడ చెట్ల బదులు రాయి, అంతే. సందర్శకుల కేంద్రానికి దగ్గరగా ఉన్న గ్రాండ్‌స్టాండ్ లేదా బార్ట్‌లెట్ నాబ్ వ్యూపాయింట్ దగ్గర ఆగండి. వెంటనే పఫిన్ కోసం వెతకడం మొదలుపెట్టకుండా మొదటి ఇరవై నిమిషాలు మిగతా పక్షులకు ఇవ్వండి.

కొండ ముఖాన్ని జాగ్రత్తగా చూస్తే ఎవరి చోటు వారిదన్నట్టుగా పక్షులు పంచుకుని ఉండటం కనబడుతుంది. సన్నని రాతి అరుగుల మీద ఒకదానినొకటి ఒరుసుకుంటూ బారులు తీరి నిలబడినవి గిల్లెమాట్‌లు. వాటి తల, వీపు ముదురు కాఫీ గోధుమ రంగులో ఉంటాయి, పొట్ట తెలుపు, ముక్కు సన్నగా మొనదేలి ఉంటుంది. అవి గూడు కట్టవు, ఒకే ఒక్క గుడ్డును వట్టి రాతి మీద పెడతాయి. వాటిలో కొన్నింటికి కంటి చుట్టూ తెల్లని కళ్లద్దాల లాంటి గీత కనబడుతుంది కానీ అవి వేరే జాతి కావు. వాటి పక్కనే, కానీ గుంపుకు కొంచెం ఎడంగా, రాతి మూలల్లోనూ సందుల్లోనూ ఉండేవి రేజర్‌బిల్‌లు. వాటి వీపు నిఖార్సయిన నలుపు, ముక్కు మందంగా పక్కలనుంచి నొక్కినట్టు ఉండి దాని మీద అడ్డంగా తెల్లని గీత ఉంటుంది.

అరుగు కూడా లేని నున్నని గోడకు బురద, గడ్డి అంటించి కప్పుల్లాంటి గూళ్లు కట్టుకున్నవి కిట్టీవేక్‌లు. బూడిద రంగు రెక్కల చివరలు సిరాలో ముంచి తీసినట్టు నల్లగా ఉంటాయి. అవి తమ పేరును తామే అరుస్తూ ఉంటాయి కాబట్టి ఎవరికైనా మొదటి అరగంటలోనే గుర్తుండిపోతాయి. వెడల్పాటి అరుగుల మీద ఉన్న పెద్ద తెల్లని పక్షులు గానెట్‌లు, రెక్కలు చాచితే 1.8 మీటర్ల దాకా ఉంటాయి, తల మీద లేత పసుపు పూత ఉంటుంది. కొండ పైభాగంలో గడ్డి ఉన్న చోట్ల కూర్చుని, ఎగిరేటప్పుడు రెక్కలు బిగబట్టి జారుతున్నట్టు పోయేవి ఫుల్మార్‌లు.

ఇప్పుడు పఫిన్. కొండ పై మూడోవంతులో, గడ్డి అంచుకు కిందుగా, నిలువుగానో ఏటవాలుగానో ఉన్న పగుళ్లను ఒక్కొక్కటిగా పట్టుకోండి. ఎడమ నుంచి కుడికి ఒక వరుస చూసి, కొంచెం దిగి కుడి నుంచి ఎడమకు మరో వరుస చూస్తూ, ఒక్కో పగులు ముందు నాలుగైదు క్షణాలు ఆగండి. పగులు నీడలో మొదట కనిపించేది ముక్కు కాదు, గుండ్రని తెల్లని ముఖం. గిల్లెమాట్‌కూ రేజర్‌బిల్‌కూ వేసవిలో ముఖం పూర్తిగా ముదురు రంగులో ఉంటుంది కాబట్టి, నల్లని తల మధ్య తెల్లని చెంప కనిపించిందంటే అది పఫినే. ఆ తరువాత నారింజ రంగు కాళ్లు చూసి నిర్ధారించుకోండి. ముక్కు మీది ఎరుపు, పసుపు, నీలిబూడిద రంగుల పలకలు గుడ్లు పెట్టే కాలంలో మాత్రమే ఉంటాయి. చలికాలం వచ్చేసరికి ఆ పై పలకలు ఊడిపోయి ముక్కు చిన్నదై వెలిసిపోతుంది.

అన్నిటికన్నా నమ్మకమైన ఆనవాలు చేపలు. నోటినిండా వెండి తీగల్లాంటి సన్నని శాండ్ ఈల్ చేపలను అడ్డంగా పట్టుకుని నేరుగా కొండ వైపు దూసుకొచ్చే చిన్న పక్షి కనిపిస్తే, దాన్ని ఫోటో తీయాలని తొందరపడకండి. అది ఏ పగులులోకి దూరిందో దాని చుట్టూ ఉన్న గుర్తులు చూసి పెట్టుకోండి. ఎర్రని పూల గుత్తి, రాతి మీది పసుపు మరక, పక్కనున్న కిట్టీవేక్ గూడు, ఏదైనా పనికొస్తుంది. లోపల పిల్ల ఉందన్నమాట. పక్షి క్షణాల్లోనే ఖాళీ నోటితో బయటికి వచ్చి సముద్రం వైపు దూకేస్తుంది, కానీ మళ్లీ అదే పగులుకు తిరిగి వస్తుంది. ఒక్క పగులును ఇలా కనిపెట్టిన తరువాత వ్యూపాయింట్లన్నీ తిరగడం మానేసి అక్కడే కూర్చోండి. తరువాతి రాకలో అది గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగితే, ముక్కులో పట్టిన చేపలను లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా చూడగలుగుతారు. పఫిన్ నాలుక గరుకుగా ఉండి, పట్టిన చేపలను అంగిలి మీది ముళ్లకు నొక్కి పెట్టుకుంటుంది కాబట్టి, నోరు తెరిచి మరో చేపను పట్టినా మొదటివి జారిపోవు.

ఈ శాండ్ ఈల్ చేపల మీదే పఫిన్, కిట్టీవేక్ పిల్లల బతుకు చాలావరకు ఆధారపడి ఉంది. సముద్రం వేడెక్కడం ఒకవైపు, పశువుల దాణా, చేపనూనె కోసం పెద్ద పడవలతో వాటిని పట్టడం మరోవైపు ఉండగా, 2024లో ఉత్తర సముద్రంలోని ఇంగ్లండ్ జలాల్లో శాండ్ ఈల్ వేటను నిలిపివేశారు. ఎంతో ఆలస్యంగానైనా సరే, ఇది జరగవలసిన పనే.

ఎగిరేటప్పుడు, నీటి మీద

ఎగిరే పఫిన్‌ను గుర్తుపట్టడం మొదట కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే అది నిమిషానికి 400 సార్ల వరకు రెక్కలు కొడుతూ గంటకు 80 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోగలదు. రెండు విషయాలు చూడండి. గిల్లెమాట్, రేజర్‌బిల్‌ల రెక్క వెనుక అంచున సన్నని తెల్లని గీత ఉంటుంది, పఫిన్ రెక్కకు అది ఉండదు. మొదటి రెండింటి రెక్క అడుగు తెల్లగా మెరుస్తుంది, పఫిన్‌ది మసకగా ఉంటుంది. ఆ పైన శరీరం పొట్టిగా, తల పెద్దగా ఉండటం కూడా కలిసొస్తుంది. ఏప్రిల్‌లో వెళ్లినవారు కొండ కంటే కింది నీటి మీదే ఎక్కువ చూడాలి. ఉదయం వేళ అవి గుంపులుగా తేలుతూ ఉంటాయి, అక్కడ కూడా తెల్లని చెంపే గుర్తు.

కొండ చూసి అలసిన కళ్లను అప్పుడప్పుడు సముద్రం మీదికి మళ్లించి, ఎగిరే గానెట్‌లను ఒక్కొక్కటిగా పరికించడం అలవాటు చేసుకోండి. 2021, 2022 వేసవుల్లో ఇక్కడి గానెట్‌ల మధ్యే, దక్షిణార్ధగోళంలో ఉండవలసిన నల్లకనుబొమల ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షి ఒకటి కనిపించి, దేశం నలుమూలల నుంచి జనాన్ని రప్పించింది. ఫాక్‌లాండ్ దీవుల వంటి చోట్ల గూళ్లు కట్టే జాతి అది. అలాంటిదాన్ని గుర్తుపట్టాలంటే గానెట్ వయసుల తేడా తెలియాలి. పెద్ద గానెట్ రెక్కల చివరలు మాత్రమే నల్లగా ఉంటాయి. రెండు మూడేళ్ల గానెట్‌కు రెక్కల మీద నలుపు, తెలుపు కలగలిసి మచ్చలు మచ్చలుగా ఉంటుంది, కొత్తవారు పొరపడేది దాన్ని చూసే. ఆల్బట్రాస్‌కు రెక్క పైభాగమంతా, వీపు కూడా ఒకే తీరుగా ముదురు రంగులో ఉండి, రెక్క అడుగు తెలుపుకు వెడల్పాటి నల్లని అంచు ఉంటుంది. రెక్కలు రెండు మీటర్లు దాటి చాచి, కొట్టకుండానే గాలి మీద సాగిపోతుంది. గానెట్‌లను చూడటానికి స్టేపుల్ న్యూక్ వ్యూపాయింట్ మంచిది, అక్కడ సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి తోరణం మీదంతా అవే ఉంటాయి.

కొండ అంచున నడవడిక

సుద్దరాయి మెత్తనిది. పైన పచ్చికతో గట్టిగా కనిపించే అంచు కింద రాయి ఊడిపోయి బోలుగా ఉండవచ్చు కాబట్టి, ఎంత మంచి ఫోటో కనిపించినా కంచె దాటకండి. పిల్లల చేయి పట్టుకునే ఉండండి. డ్రోన్ ఎగరేయడం పక్షులను హడలెత్తించడమే. ఉలిక్కిపడిన గిల్లెమాట్‌లు ఒక్కసారిగా లేచినప్పుడు అరుగుల మీది గుడ్లు దొర్లి పడిపోతాయి. ఎగిరే పక్షిని ఫోటో తీయాలంటే షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు దగ్గర పెట్టుకోండి. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం గూళ్లను, గుడ్లను కావాలని పాడుచేయడం నేరం.

ఈ చట్టాల కథ మొదలైంది కూడా ఈ తీరంలోనే. పందొమ్మిదో శతాబ్దంలో పడవల మీద వచ్చి ఈ పక్షులను సరదా కోసం కాల్చేవారు, టోపీల అలంకరణకు కిట్టీవేక్ రెక్కలు అమ్ముకునేవారు. దానిమీద స్థానికుల్లో పుట్టిన ఆందోళన 1869లో బ్రిటన్‌లో సముద్రపు పక్షుల రక్షణ చట్టానికి దారితీసింది. అయినా తాళ్ల సాయంతో కొండ దిగి గిల్లెమాట్ గుడ్లు ఏరే ‘క్లిమ్మర్’ల పని మాత్రం 1954 నాటి చట్టం దాకా సాగింది.

చూసినది రాసుకోవడం

వెనుదిరిగే ముందు ఫోనులో ఈబర్డ్ లేదా బర్డ్‌ట్రాక్ అనే పక్షుల నమోదు యాప్‌లో, చూసిన పక్షుల జాబితా నమోదు చేయండి. తేదీ, సమయం, వ్యూపాయింట్ పేరు, గాలి దిశ రాయండి. పఫిన్‌ల సంఖ్య రాసేటప్పుడు వచ్చిన ప్రతిసారీ కలుపుకుంటూ పోతే ఒకే పక్షిని నాలుగుసార్లు లెక్కించినట్టవుతుంది కాబట్టి, ఒక చోటు నుంచి ఒకే సమయంలో కనిపించిన గరిష్ఠ సంఖ్యనే రాయండి. పఫిన్ కనిపించకపోయినా జాబితా పంపండి, లేకపోవడం కూడా పరిశోధకులకు అవసరమైన సమాచారమే.

తొమ్మిదిన్నర అయ్యేసరికి కొండ ముఖం నీడలోకి వెళ్లి, ఒక్క పఫిన్ కూడా దొరకకపోతే, బ్రిడ్లింగ్టన్ రేవు నుంచి వేసవిలో నడిచే పక్షుల పడవ ఎక్కండి. అది కొండ కిందికే వెళుతుంది కాబట్టి నీటి మీద తేలే పఫిన్‌లు దగ్గరగా కనిపిస్తాయి. జూన్‌లో ఆ టికెట్లు త్వరగా అయిపోతాయి, సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవ బయలుదేరదు. అందువల్ల ప్రయాణం ఖాయం చేసుకున్న రోజే పడవకు కూడా చెప్పి పెట్టుకోండి, కడుపులో తిప్పే అలవాటున్నవారు ఎక్కడానికి గంట ముందు మాత్ర వేసుకోండి.